ఈసీఈ సీటులో ఉంటూ కంప్యూటర్ డిగ్రీ కూడా చదవాలంటే

కౌన్సెలింగులో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) దక్కక ఈసీఈలో (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్ శాఖలో) చేరిన విద్యార్థులు మొదటి సంవత్సరంలోనే అడిగే ప్రశ్న, ఇంజనీరింగుతో పాటు కంప్యూటర్ డిగ్రీ కూడా చేయవచ్చునా అని. చేయవచ్చు. 2022 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం ఒక విద్యార్థి ఏకకాలంలో రెండు కోర్సులు చదవవచ్చు. రెండూ కళాశాలకు వెళ్లి చదివేవైతే తరగతుల వేళలు ఒకదానితో ఒకటి ఢీకొనకూడదు. ఒకటి రెగ్యులర్‌గానూ మరొకటి ఆన్‌లైన్‌లోనో దూరవిద్యలోనో చదివితే ఆ చిక్కే ఉండదు. అయితే దీన్ని ఎలా అమలు చేయాలో విశ్వవిద్యాలయాలు తమ నిబంధనల్లో పొందుపరచుకోవాలి కనుక, రుసుము కట్టే ముందు మీ కళాశాల పరీక్షల విభాగంలో ఒకసారి అడిగి తెలుసుకోవడం మంచిది.

ముందుగా తేల్చుకోవలసింది మీకు నిజంగా రెండో పట్టా కావాలా, మైనర్ (బీటెక్‌లోనే వేరే శాఖ కోర్సులు కొన్ని అదనంగా చదవడం) సరిపోతుందా అన్నది. సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) నమూనా పాఠ్యప్రణాళికలో బీటెక్‌కు 160 క్రెడిట్లు (చదువు భారాన్ని కొలిచే లెక్క); వాటిపై మరో 18 నుంచి 20 క్రెడిట్లు చదివితే వేరే శాఖలో మైనర్ ఇచ్చే ఏర్పాటు ఉంది. వీఎల్‌ఎస్‌ఐ (చిప్‌ల రూపకల్పన), ఎంబెడెడ్ (పరికరాల లోపల ఉండే కంప్యూటర్ వ్యవస్థలు) రంగాల్లోకి వెళ్లాలనుకునేవారికి డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్పే మైనరే చాలునని నా అభిప్రాయం. సాఫ్ట్‌వేర్ వైపే పోవాలని స్థిరపడినవారు మాత్రం రెండో డిగ్రీ గురించి ఆలోచించాలి.

ఆ రెండో డిగ్రీకి మన విద్యార్థులు ఎక్కువగా ఎంచుకుంటున్నది ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్‌లో అందిస్తున్న బీఎస్ (బ్యాచిలర్ ఆఫ్ సైన్స్). దాని పేరు డేటా సైన్స్ అండ్ అప్లికేషన్స్. పట్టాపై కంప్యూటర్ సైన్స్ అని ఉండదన్న సంగతి ముందే గ్రహించాలి. పైథాన్, డేటాబేస్, జావా, వెబ్ అప్లికేషన్ల నిర్మాణం అన్నీ అందులో ఉన్నాయి. జేఈఈ ర్యాంకు అవసరం లేదు. దరఖాస్తు చేసి నాలుగు వారాల పాఠాలు చదివి, క్వాలిఫయర్ పరీక్ష గట్టెక్కితే ప్రవేశం లభిస్తుంది. పాఠాలు ఇంట్లోనే వినవచ్చు గాని, పరీక్షలను నిర్ణీత కేంద్రానికి స్వయంగా వెళ్లి రాయాలి.

ఇక లెక్క వేసుకుందాం. పూర్తి బీఎస్‌కు 142 క్రెడిట్లు కావాలి. ఏడాదికి మూడు టర్ములు ఉంటాయి. బీటెక్ సెమిస్టరుకు సుమారు 20 క్రెడిట్ల భారం మోస్తున్న విద్యార్థి టర్ముకు రెండు కోర్సులు, అంటే దాదాపు 8 క్రెడిట్లు మించి తీసుకోకూడదు. ఆ వేగంతో ఏడాదికి 24 క్రెడిట్లు వస్తాయి, మొత్తం పూర్తి కావడానికి ఆరేళ్లు పడుతుంది. కాబట్టి రెండు పట్టాలూ ఒకే వేసవిలో చేతికి రావాలన్న పంతం పెట్టుకోవద్దు. 32 క్రెడిట్ల ఫౌండేషన్, ఆపై 27 క్రెడిట్ల ప్రోగ్రామింగ్ డిప్లొమా బీటెక్ ముగిసేలోగా పూర్తయితే అదే గట్టి ఫలితం. మిగిలినది ఉద్యోగం చేస్తూ చదువుకోవచ్చు, అక్కడే ఆపినా డిప్లొమా చేతిలో ఉంటుంది.

మొదటి సెమిస్టరులో మాత్రం చేరవద్దు. హాస్టలు, కొత్త ఊరు, ఇంగ్లీషులో పాఠాలు, 75 శాతం హాజరు, వీటికి అలవాటు పడడానికే ఆ నాలుగు నెలలు సరిపోతాయి. ఫలితాలు వచ్చాక, బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) లేదనుకున్నప్పుడే దరఖాస్తు చేయాలి.

అసలు కిటుకు కోర్సుల వరుసలో ఉంది. కళాశాలలో ప్రాబబిలిటీ థియరీ చెప్పే సెమిస్టరులోనే ఆన్‌లైన్‌లో స్టాటిస్టిక్స్ తీసుకుంటే, ఒకే అధ్యాయానికి రెండుసార్లు కూర్చోవలసిన పని తప్పుతుంది. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ ఉన్నప్పుడు పైథాన్ తీసుకోవడం ఇంకా మేలు. రెండు శ్రేణులను కలిపి మూడో శ్రేణిని రాబట్టే కన్వొల్యూషన్ లెక్కనే చూడండి: 1, 2, 3 అన్న శ్రేణిని 1, 1 అన్న శ్రేణితో కన్వాల్వ్ చేస్తే 1, 3, 5, 3 వస్తుంది. నోటుబుక్కులో ఒక వరుసను తిప్పి రాసి, ఒక్కో గడి జరుపుతూ, గుణించి కూడుతూ పోయే ఆ పనినే పైథాన్‌లో రెండు ఫర్ లూపులతో, ఆరు పంక్తుల్లో రాయవచ్చు. జవాబులో మూడు, రెండు కలిపి ఐదు సంఖ్యలు కాక నాలుగే ఎందుకు వచ్చాయో, జాబితా పొడవు తప్పుగా పెట్టి ఇండెక్స్ ఎర్రర్ తిన్న విద్యార్థికి ఇక మరచిపోయే అవకాశం లేదు. నేను పాఠం చెప్పేటప్పుడు ఈ ఒక్క ఉదాహరణ పైనే గంట గడిపేస్తాను.

తేదీల విషయంలో మరో జాగ్రత్త. టర్ము మొదలైన రోజే ఒక కాగితంపై రెండు వరుసలు గీసి, పైన కళాశాల మిడ్ పరీక్షలు, ల్యాబ్ ఇంటర్నల్స్, కింద ఆన్‌లైన్ క్విజ్‌లు, వారం వారం అసైన్‌మెంట్ల గడువులు రాసుకోవాలి. క్విజ్ ఆదివారం, మిడ్ సోమవారం పడితే ఆ టర్ములో రెండు కోర్సులకు బదులు ఒకటే నమోదు చేసుకోవాలి. రుసుము కోర్సుల లెక్కన కడతారు గనుక తగ్గించుకుంటే డబ్బు వృథా కాదు. ప్రాజెక్టులు రెండు చోట్లా ఉంటాయి. ఒకే పనిని రెండు చోట్లా సమర్పించడం నకలు కిందికి వస్తుంది కాబట్టి అంశాలు వేరుగా ఎంచుకోవాలి.

చివరగా ఒక చిన్న పని: కళాశాలలో చేరేటప్పుడే పదో తరగతి, ఇంటర్ మెమోల అసలు ప్రతులను చాలామంది కార్యాలయంలో ఇచ్చేస్తారు. ఇచ్చే ముందే వాటిని స్కాన్ చేసి, అటెస్టు చేయించిన నకళ్లు రెండు జతలు ఇంట్లో ఉంచుకోండి. రెండో దరఖాస్తు నింపే రాత్రి వాటి కోసం కార్యాలయం తెరిచే వరకు ఎదురుచూడవలసిన అవసరం ఉండదు.