పాత కారు నల్ల రబ్బరు తెల్లబోయిందా? ఇలా చేయండి

తిరుపతి ఎండల్లో ఏళ్ల తరబడి బయటే ఉన్న పాత మారుతి 800నో, శాంట్రోనో చూడండి, పెయింట్ ఇంకా బాగానే ఉంటుంది గానీ అద్దాల బీడింగులు (అంచుల్లో ఉండే రబ్బరు పట్టీలు), నల్ల బంపర్లు మాత్రం పాలిపోయి ఉంటాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైపొరను తినేస్తాయి, దానికి తోడు కారుకు రుద్దిన పాలిష్ సందుల్లో ఎండిపోయి తెల్లమరకలు కడుతుంది.

అసలు పని శుభ్రం చేయడమే. పొద్దున్నే నీడలో, బాడీ చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టి, కార్ షాంపూ నీళ్లలో పాత టూత్‌బ్రష్ ముంచి, గుడ్డతో తుడిస్తే మురికి అంటడం ఆగేదాకా ఓపిగ్గా రుద్దండి. పాలిష్ మరక ఇంకా ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా గుడ్డకు అద్ది తుడవండి. పెట్రోలు, కిరోసిన్, థిన్నర్ మాత్రం దయచేసి వద్దు, రబ్బరు ఉబ్బి పాడైపోతుంది.

బాగా ఆరాక పెయింట్ అంచుకు మాస్కింగ్ టేప్ వేసి, పోయిన నలుపును తిరిగి తెచ్చే ట్రిమ్ రెస్టోరర్ క్రీమ్‌ను స్పాంజితో పల్చగా పూయండి, డబ్బా మీద చెప్పినంతసేపు ఆగి మిగిలింది తుడిచేయండి. చాలకపోతే రెండో పూత.

కొబ్బరినూనె, పాత ఇంజిన్ ఆయిల్ పూసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పూటకు నిగనిగలాడుతుంది, తర్వాత దుమ్మంతా దానికే పడుతుంది, వాన పడితే పెయింట్ మీదికి జిడ్డు చారలు కారతాయి. వీడియోల్లో చూపించే హీట్ గన్ (వేడిగాలి ఊదే పరికరం) పద్ధతి ప్లాస్టిక్ బంపర్‌కే, రబ్బరు దగ్గరికి తేవద్దు.

గట్టిపడి పగిలిన బీడింగ్‌కు ఏ క్రీమూ పనిచేయదు, చిన్న ముక్క కోసి స్పేర్ పార్ట్స్ షాపులో చూపించి అదే కొలతది కొత్తది తెచ్చుకోండి.