బోటు మోటారు పక్కన పెట్టే ముందు కార్బ్యురేటర్ బౌల్ ఖాళీ చేయండి

మూడు నాలుగు వారాలకు మించి బోటు తీయకపోతే, పెట్రోలు పైపు పీకి ఇంజను ఆగేదాకా నడిపితే చాలనుకోకండి. (నడిపేటప్పుడు కూలింగ్ నీళ్లు అందాలి, లేకపోతే నీటి పంపులో తిరిగే రబ్బరు చక్రం, ఇంపెల్లర్, కాలిపోతుంది.) ఇంజను ఆగినా, పెట్రోలును గాలితో కలిపే కార్బ్యురేటర్ కింది చిన్న గిన్నె, అంటే ఫ్లోట్ బౌల్ అడుగున కొంత పెట్రోలు మిగులుతుంది. అది ఆవిరై జిగురుగా మారి, ముందుగా ఐడిల్ జెట్‌ను (స్లోలో ఇంజనుకు పెట్రోలు అందించే చిన్న ఇత్తడి ముక్క) మూసేస్తుంది, దాని రంధ్రం అంత సన్నం మరి. చోక్ లాగితేనే స్టార్టవడం, వేగంలో బాగానే నడిచి స్లోలో ఆగిపోవడం దీని లక్షణాలే.

బౌల్ కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, గాజు సీసాలోకి పట్టండి. అడుగున నీటి బొట్లు కనిపిస్తే ఫిల్టరూ ట్యాంకూ చూడాల్సిందే. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది, ఆ నీటివల్లే బౌల్‌లో తెల్లటి తుప్పు.

జెట్ ఇప్పటికే మూసుకుపోయిందా? ఇనుప తీగ మాత్రం గుచ్చకండి! ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదై మిశ్రమం చెడుతుంది. కార్బ్ క్లీనర్‌లో నానబెట్టి, సన్నని నైలాన్ గాలం దారం దూర్చి, గాలి కొట్టండి. వెలుతురుకు ఎత్తి చూస్తే రంధ్రం గుండ్రంగా కనపడాలి.