ఈస్టర్ ఉదయానికి ఇంట్లోనే బన్నులు: ఓవెన్ లేకుండా ఎలా చేయాలి?

ఒంగోలు, నెల్లూరు వైపు చాలా క్రైస్తవ కుటుంబాలకు ఈస్టర్ సమాధుల తోటలోనే మొదలవుతుంది. శనివారమే సమాధులకు సున్నం వేసి ఉంచుతాం. మర్నాడు చీకటితోనే పూలు, కొవ్వొత్తులు పట్టుకుని బయలుదేరతాం. తెల్లవారుజాము ప్రార్థన మా ప్రాంతంలో పాతదే. 1854 జనవరి 1న మిషనరీ లైమన్ జ్యూవెట్ మరికొందరితో కలిసి ఒంగోలులో కొండెక్కి ప్రార్థన చేసింది కూడా ఆ వేళలోనే. సమాధుల దగ్గర నుంచి ఆరింటికల్లా ఇంటికి వస్తాం, మళ్లీ ఆరాధనకు గుడికి వెళ్లాలి. ఆ మధ్యలో ఇంటిల్లిపాదికీ వేడి బన్ను పెట్టాలంటే పని శనివారం సాయంత్రమే మొదలుపెట్టాలి.

కావలసినవి (ఏడు బన్నులకు)

మైదా 250 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ ఒక టీస్పూను, పంచదార రెండు పెద్ద చెంచాలు, ఉప్పు అర టీస్పూను, పాలు 150 మిల్లీలీటర్లు, వెన్న 30 గ్రాములు, కొంచెం యాలకుల పొడి. పిల్లలుంటే గుప్పెడు కిస్మిస్.

శనివారం సాయంత్రం

పాలు గోరువెచ్చగా ఉండాలి. వేలు పెడితే వెచ్చగా తగలాలి గానీ చురుక్కుమనకూడదు. మొదటి ఏడాది నేను కాగిన పాలు అలాగే పోసేశాను. వేడికి ఈస్ట్ చచ్చిపోయి పిండి రాయిలా ఉండిపోయింది. పండగ పూట ఇంట్లో అందరూ అటుకులు తిన్నారు. అప్పటినుంచి పాల దగ్గర మాత్రం తొందరపడను.

వెన్న తప్ప మిగతావన్నీ కలిపి, పాలు పోసి ముద్ద చేయండి. తర్వాత వెన్న వేసి పది పన్నెండు నిమిషాలు బాగా పిసకండి. మొదట చేతికి అంటుకుంటుంది. అంటుకుంటోందని మైదా చల్లుతూ పోతే బన్ను గట్టిపడుతుంది, అందుకే ఓపిగ్గా పిసకడమే మేలు. పిండి నున్నగా, చెవి తమ్మెలా మెత్తగా అయ్యాక తడిగుడ్డ కప్పండి.

పిండి ఎంతసేపట్లో పొంగుతుందనేది ఎండను బట్టి ఉంటుంది. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి దాటాక వచ్చే ఆదివారమే ఈస్టర్. అందుకే 2026లో ఏప్రిల్ 5న వస్తే, 2027లో మార్చి 28నే వస్తుంది. ఏప్రిల్ ఎండల్లో మా వంటింట్లో పిండి ముప్పావు గంటకే రెట్టింపవుతుంది. గడియారాన్ని నమ్మకుండా గిన్నెలోకి చూడండి.

పొంగిన పిండిని ఏడు ఉండలు చేసి, వెన్న రాసిన ఏడంగుళాల గిన్నెలో కొద్దికొద్ది ఎడంగా పేర్చి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. చలువలో రాత్రంతా నిదానంగా పొంగుతాయి. మనం నిద్రలో ఉండగా చీకట్లో అవి పైకి లేస్తున్నాయని తలుచుకుంటే, ఆ రాత్రి నాకు మరీ ఇష్టం.

ఆదివారం ఉదయం

సమాధుల తోట నుంచి రాగానే గిన్నె బయటపెట్టండి. అరగంట నుంచి ముప్పావు గంట ఆగండి. ఈలోపు మూడు చెంచాల మైదాను నీళ్లతో చిక్కటి జారుగా కలిపి, కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్‌లో పోసి, మూల చిన్నగా కత్తిరించి ఉండల మీద సిలువ గీయండి.

ఐదు లీటర్ల కుక్కర్‌లో అంగుళం మందాన రాళ్ల ఉప్పు పోసి స్టాండు పెట్టండి. గ్యాస్కెట్, విజిల్ తప్పకుండా తీసేయాలి. నీళ్లు పోయకూడదు. మూతపెట్టి పది నిమిషాలు మధ్యస్థ మంట మీద వేడిచేశాక గిన్నె పెట్టి, సిమ్‌లో 30 నుంచి 35 నిమిషాలు ఉంచండి. పుల్ల గుచ్చితే పొడిగా రావాలి. కుక్కర్‌లో పైభాగం ఎర్రబడదు, దానికి టెన్షన్ పడొద్దు. దించగానే వెన్న రాసి గుడ్డ కప్పితే పైపొర మెత్తగా, మెరుస్తూ ఉంటుంది.

బన్ను ఉడికేలోపు మా ఇంట్లో పక్క పొయ్యి మీద చేపల పులుసు వేడెక్కుతుంటుంది. శనివారమే మామిడికాయ ముక్కలు వేసి మట్టి చట్టిలో పెట్టిన పులుసు అది. నెల్లూరు పులుసు మర్నాటికే రుచి. పునరుత్థానమైన ప్రభువు తిబెరియ సముద్రం ఒడ్డున నిప్పుల మీద చేపలు, రొట్టె సిద్ధం చేసి, రాత్రంతా వలలు లాగి అలసిన శిష్యులను భోజనానికి పిలిచాడని యోహాను సువార్త 21వ అధ్యాయంలో ఉంది. మా అమ్మ ఆ మాట చదివిన ఏడాదే ఈస్టర్ ఉదయం చేపలు మొదలయ్యాయి. పులుసులో ముంచుకునే ఇల్లయితే పంచదార ఒక చెంచాకు తగ్గించి, కిస్మిస్ మానేయండి.

మొదటి బన్నును చాకుతో కోయం. ఎమ్మాయు అనే ఊళ్లో ప్రభువు రొట్టె విరిచినప్పుడే ఇద్దరు శిష్యులు ఆయన్ని గుర్తుపట్టారు కదా. నాన్న ప్రార్థన చేసి చేత్తో విరిచి తలా ఒక ముక్క ఇస్తారు. ఆ తర్వాత రెండు బన్నులు గుడ్డలో చుట్టి, పులుసు గిన్నెతో పాటు పక్కింటి పిన్నిగారికి పంపిస్తాం.