మైక్రోస్కోపు పాఠం ఉల్లిపొరతోనే మొదలుపెట్టండి

బోర్డు మీద మైక్రోస్కోపు బొమ్మ గీసి, బాణాలు పెట్టి, భాగాల పేర్లు రాయించడం నేను మానేసి చాలా ఏళ్లయింది. మాది జిల్లా పరిషత్ హైస్కూలు. నలభై మంది పిల్లలకి రెండే మైక్రోస్కోపులు. తమ వంతు వచ్చేలోపు అందరి చేతికీ పని ఉండాలి కాబట్టి ఉల్లిపాయలు పట్టుకెళ్తాను.

ముందు మాత్రం పాత పేపర్లోంచి ‘క’ అక్షరం ఒకటి కత్తిరించి, స్లైడు మీద నీటిచుక్కలో పెట్టి, 4 ఎక్స్ ఆబ్జెక్టివ్ (స్లైడు వైపుండే, నాలుగు రెట్లు పెంచే కటకం) కింద చూడమనండి. అక్షరం తలకిందులుగా, కుడిఎడమలు మారి కనిపిస్తుంది. స్లైడుని కుడికి జరిపితే బొమ్మ ఎడమకి పోతుంది. ఇది చేతికి అలవాటు కాకపోతే తర్వాత కణాన్ని వెతుక్కోలేక విసిగిపోతారు. ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) మీద 10 ఎక్స్ అని ఉంటే, 4 ఎక్స్‌తో 40 రెట్లు, 40 ఎక్స్‌తో 400 రెట్లు. ఆ లెక్క వాళ్లతోనే చేయించండి.

ఇక ఉల్లిపాయ. ఒక రేకను విరిస్తే లోపలి వంపు వైపు నుంచి పల్చటి పొర ఊడొస్తుంది. వెంటనే నీళ్లలో వేయకపోతే చుట్టుకుపోతుంది. స్లైడు మీద మడత లేకుండా పరిచి, ఒక చుక్క సఫ్రనిన్ అనే ఎర్ర రంగు వేసి, ఒక నిమిషం ఆగి, ఎక్కువైన రంగు కడిగేసి, మళ్లీ నీటిచుక్క వేయాలి. కవర్ స్లిప్‌ను ఒక అంచు ఆనించి, సూది ఆసరాతో మెల్లగా వాల్చాలి. ఒక్కసారిగా వదిలితే గాలి బుడగలు చేరతాయి. గుండ్రంగా, నల్లటి మందపాటి అంచుతో కనిపించేవి బుడగలే. వాటినే కణాలనుకుని రికార్డులో ఎంత శ్రద్ధగా గీస్తారో! అసలు కణాలు గోడలో ఇటుకల్లా పేర్చినట్టుంటాయి. ఒక్కోదాంట్లో ఎర్రటి చుక్క ఓ పక్కకి ఒదిగి ఉంటుంది. అదే కేంద్రకం.

40 ఎక్స్‌కి మారాక ఫోకస్ సరిచేసే పెద్ద మర ముట్టుకోనివ్వకండి, చిన్న మరే తిప్పాలి. ఒకసారి ఒక అబ్బాయి ఐపీస్‌లోంచి చూస్తూనే పెద్ద మర తిప్పేశాడు. స్లైడు పగిలి లెన్స్ మీద గీత పడింది. తప్పు వాడిది కాదు, ముందే చెప్పని నాది. మైక్రోస్కోపు కింద వెలుతురు పట్టే అద్దాన్ని నేరుగా ఎండకేసి తిప్పకూడదని కూడా ఆ రోజు నుంచే మొదట చెబుతున్నాను. కళ్లు పోతాయి.

ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు: “మేడం, ఇంకా పెద్ద లెన్స్ పెడితే వైరస్ కనిపిస్తుందా?” ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తాను. సున్నం కొట్టే కుంచెతో ముగ్గు చుక్కలు పెట్టమంటాను. దగ్గరదగ్గరగా పెట్టిన రెండు చుక్కలూ కలిసి ఒకటే మరక అవుతుంది. ఆ మరకను ఎంత పెద్దది చేసి చూసినా రెండు చుక్కలుగా విడిపోదు. మన కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం, అంటే ఒక్కో అల పొడవు, సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షో వంతు). అంటే కాంతి మోటు కుంచె. మామూలు కాంతి మైక్రోస్కోపు దాదాపు 200 నానోమీటర్ల కంటే దగ్గరున్న రెండు చుక్కల్ని విడదీసి చూపలేదు. ఈ హద్దుని 1873లో జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ అబ్బే లెక్కగట్టాడు. చాలా వైరస్‌లు అంతకంటే చిన్నవి.

సన్న కుంచె కావాలి. అదే ఎలక్ట్రాన్. లక్ష వోల్టులతో పరుగెత్తిస్తే దాని తరంగదైర్ఘ్యం 0.004 నానోమీటర్ల లోపే. 1931లో బెర్లిన్‌లో మాక్స్ నోల్, ఎర్నెస్ట్ రుస్కా మొదటి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కట్టారు. రుస్కాకి నోబెల్ వచ్చింది మాత్రం 1986లో. ఇందులో గాజు కటకాలకు బదులు విద్యుదయస్కాంతాలు ఎలక్ట్రాన్లను వంచుతాయి. గాలి అణువులు తగిలి చెదిరిపోకుండా గొట్టాన్ని శూన్యం చేస్తారు. అందుకే బతికున్న కణాన్ని మామూలుగా ఇందులో చూడలేం.

ఇందులో రెండు రకాలు చెప్పడానికి కాకరకాయ, రావి ఆకు చాలు. ఆకుని ట్యూబులైటుకి అడ్డంపెట్టి ఈనెలు చూడటం ట్రాన్స్‌మిషన్ రకం. అందులో కిరణం వస్తువులోంచి దూరిపోవాలి కాబట్టి 100 నానోమీటర్ల కంటే పల్చగా కోస్తారు. గది చీకటి చేసి, కాకరకాయ మీద సన్నటి టార్చి వెలుగుని వరుసవరుసగా జరుపుతూ బొడిపెలు చూడటం స్కానింగ్ రకం. అందులో పైతలమే కనిపిస్తుంది. చాలా నమూనాలకు ముందు బంగారంలాంటి లోహపు పూత వేస్తారు.

చివర్లో పుస్తకంలోని రంగుల వైరస్ ఫొటో చూపించి, ఈ రంగులెక్కడివని అడగండి. కాసేపు ఆలోచించనివ్వండి. ఎలక్ట్రాన్ బొమ్మ నలుపుతెలుపుల్లోనే వస్తుంది, రంగులు తర్వాత కంప్యూటర్లో అద్దినవి.