ఆన్‌లైన్ వేదికపై డీబీఏ (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్) సెషన్ – 5వ పాఠం: లాక్ పడిందా, నెట్ పోయిందా?

పోయిన పాఠంలో సెషన్ మొత్తాన్ని ఒకే ప్రశ్న చుట్టూ అల్లుకోవడం చూశాం. మీరు ఎంచుకున్న ప్రశ్న "నా అప్‌డేట్ ఎందుకు కదలడం లేదు?" అనుకుందాం. ఇవాళ దానికి డెమో తయారు చేద్దాం. నేను పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మీద చెబుతాను.

డెమో చిన్నదే. ‘ఎ’ విండోలో బిగిన్ కొట్టి (అంటే ట్రాన్సాక్షన్, కలిపి ఖరారో రద్దో అయ్యే పనుల కట్ట, మొదలుపెట్టి), ఖాతాల టేబుల్‌లో ఒక వరసను అప్‌డేట్ చేసి, కమిట్ (ఖరారు) చేయకుండా వదిలేస్తాం. ‘బి’ విండోలో అదే వరసను అప్‌డేట్ చేయబోతాం. ఆ వరస మీద ఎ పెట్టిన తాళం, అంటే లాక్, వదిలేదాకా బి అక్కడే ఆగిపోతుంది. దీన్నే బ్లాకింగ్ అంటాం.

హాల్లో అయితే మీరు కీబోర్డు మీంచి చేతులు తీసి నవ్వుతారు, అందరికీ అర్థమవుతుంది. ఆన్‌లైన్‌లో చూసేవాళ్లకు కనిపించేది మాత్రం కదలని స్క్రీన్. నెట్ పోయినా అచ్చం ఇలాగే ఉంటుంది కదా! నేను మొదటిసారి ఈ డెమో చేసినప్పుడు, లాక్ గురించి ఉత్సాహంగా చెప్పుకుపోతుంటే చాట్ నిండా "స్క్రీన్ ఆగిపోయింది" అన్న మాటే. చివరికి మోడరేటర్ మధ్యలో వచ్చి స్క్రీన్ మళ్లీ షేర్ చేయమన్నారు. షేర్ ఆపి మొదలుపెట్టేసరికి ఏ విండో ఏదో నాకే తెలియలేదు.

అందుకని మూడో విండో పెట్టండి. అందులో, ఏ కనెక్షన్ ఏం చేస్తోందో చూపే పీజీ_స్టాట్_యాక్టివిటీ వ్యూ మీద క్వెరీ రాసి, చివర సెమికోలన్‌కు బదులు బ్యాక్‌స్లాష్ వాచ్ ఇవ్వండి. ఫలితం పదేపదే వస్తుంది, పైన టైమ్ మారుతూ ఉంటుంది. స్క్రీన్ మీద ఒకటి కదులుతోంటే రెండోది ఆగిందని నమ్ముతారు. సెకనుకొకసారి తెప్పించాలని ముచ్చటపడకండి. వీడియో కుదించి పంపుతారు కాబట్టి అక్షరాలు స్పష్టపడేలోపే తర్వాతి ఫలితం వచ్చేస్తుంది. డిఫాల్ట్‌గా ఉన్న 2 సెకన్లే నయం.

ఆ క్వెరీలో నాలుగు కాలమ్‌లు చాలు: అప్లికేషన్ నేమ్, స్టేట్, వెయిట్ ఈవెంట్ టైప్ (దేనికోసం ఆగిందో), పీజీ_బ్లాకింగ్_పిడ్స్ ఫంక్షన్ ఇచ్చే జవాబు (ఆపుతున్నవాళ్ల ప్రాసెస్ నంబరు). నాలుగు దాటితే ఫాంట్ తగ్గించాల్సి వస్తుంది, ఫోన్‌లో చూసేవాళ్లకు ఏమీ కనబడదు. ముందుగానే ఒక్కో విండోలో అప్లికేషన్ నేమ్‌ను ‘ఎ’, ‘బి’ అని సెట్ చేసుకోండి. ప్రాసెస్ నంబర్లు కనెక్ట్ అయిన ప్రతిసారీ మారిపోతాయి. "ఇరవై మూడు వేల చిల్లర నంబరు చూడండి" అంటే ఎవరు వెతుకుతారు? బ్లాకింగ్ జవాబులో వచ్చేది నంబరే కాబట్టి, అది ఎ విండోదేనని ఒక్కసారి వేలు పెట్టి చూపినట్టు చెప్పాలి.

ఇక మాట. ఎంటర్ కొట్టాక వివరించకండి, కొట్టకముందే చెప్పండి: "ఇప్పుడు బి విండో ఆగిపోతుంది. మూడో విండోలో టైమ్ మాత్రం నడుస్తూనే ఉంటుంది, చూడండి." అప్పుడు ఎంటర్ కొట్టి, కాసేపు నోరు మూసుకోండి. ఇది కష్టం. ఎదుట ఎవరూ కనిపించనప్పుడు ఐదు సెకన్ల మౌనం కూడా టెన్షన్ పెట్టేస్తుంది. అయినా ఆగండి.

డెమోలో అసలు రుచి ఇక్కడినుంచే. బి పక్కన వెయిట్ ఈవెంట్ టైప్ ‘లాక్’ అని ఉంటుంది. దాన్ని ఆపిన ఎ మాత్రం ఏ పనీ చేయడం లేదు. దాని స్టేట్ ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’, అంటే ట్రాన్సాక్షన్ తెరిచి పెట్టి ఖాళీగా కూర్చుంది. బాగా బిజీగా ఉన్న క్వెరీయే అపరాధి అనుకునేవాళ్లు ఇక్కడ ఆశ్చర్యపోతారు. వెంటనే ఎ ప్రాసెస్ నంబరు మీద, నడుస్తున్న క్వెరీని ఆపే పీజీ_క్యాన్సిల్_బ్యాకెండ్ ప్రయోగించండి. ‘ట్రూ’ అని వస్తుంది, కానీ బి కదలదు. ఎ‌లో నడుస్తున్న క్వెరీ ఏదీ లేదు కదా, క్యాన్సిల్ కావడానికి! తర్వాత పీజీ_టర్మినేట్_బ్యాకెండ్. ఎ కనెక్షన్ తెగి, దాని ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ (రద్దు) అయి, బి చటుక్కున కదులుతుంది. ఒకటి మర్చిపోవద్దు. ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ సెషన్లకు టైమౌట్ పెట్టిన సర్వర్ అయితే, మీరు మాట్లాడుతుండగానే ఎ దానంతటదే తెగిపోతుంది. డిఫాల్ట్‌గా అది ఉండదు, అయినా ముందు చూసుకోండి.

డెడ్‌లాక్ (రెండు ట్రాన్సాక్షన్లు ఒకదాని లాక్ కోసం ఒకటి ఆగిపోవడం) చూపించేటప్పుడు ఇబ్బంది తిరగబడుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో డెడ్‌లాక్ టైమౌట్ డిఫాల్ట్ 1 సెకను. మీ వాక్యం పూర్తికాకముందే ఎర్రర్ వచ్చేస్తుంది. కాబట్టి చెప్పాల్సిందంతా చెప్పాకే చివరి ఎంటర్. ఇక మామూలు బ్లాకింగ్‌కు వస్తే, మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌లో ఇన్నోడీబీ (డేటా దాచే ఇంజిన్) వరస లాక్ కోసం డిఫాల్ట్‌గా 50 సెకన్లు ఆగుతుంది, సెషన్‌లో దాన్ని 5కి దించుకోండి. అన్నట్టు, అక్కడ ఆ టైమౌట్ ఎర్రర్ నంబరు 1205. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 1205 అంటే డెడ్‌లాక్‌కు బలైన ట్రాన్సాక్షన్. రెండూ తెలిసినవాళ్లు కలిసి వింటుంటే నంబరు ఒక్కటే చెప్పి ఊరుకోకండి.

రీస్టోర్ (బ్యాకప్ నుంచి డేటా తిరిగి తేవడం) లాంటి పొడవాటి పనుల్ని లైవ్‌లో మొదటినుంచీ చివరిదాకా చూపించకండి. మొదలుపెట్టి, ముందే రీస్టోర్ చేసి ఉంచిన కాపీకి వెళ్లిపోండి, ఆ మాట దాచకుండా చెప్పి మరీ.

అభ్యాసం: ఈ డెమోను పది నిమిషాల్లో రికార్డు చేసి, ఫోన్‌లో, సౌండ్ పూర్తిగా తీసేసి చూడండి. బి ఎప్పుడు ఆగిందో, ఎప్పుడు కదిలిందో మీకు తెలియాలి. తెలియని చోట నిమిషం, సెకను రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో చాట్‌లో ఆలస్యంగా వచ్చే ప్రశ్నల సంగతి చూస్తాం, ఆ కాగితం అప్పుడు కూడా పనికొస్తుంది.