సాక్‌లు రావట్లేదా? కొత్త రషర్‌ని తెచ్చుకునే ముందు చూడాల్సినవి

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో వరసగా నాలుగు మ్యాచ్‌లు మీ జట్టు, పాస్‌లు విసిరే ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌ని ముట్టుకోలేకపోయిందంటే, డాలస్ శివార్లలోని ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఆదివారం టీవీ ముందు చేరిన మనవాళ్ల నోట వినబడే మాట ఒక్కటే: "ఇంకో మంచి ఎడ్జ్ రషర్‌ని తెస్తే తప్ప లాభం లేదు." ఎడ్జ్ రషర్ అంటే ముందు వరస అంచు నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లేవాడు. ఆ మాట నిజమయ్యే సందర్భాలూ ఉన్నాయి. చాలాసార్లు మాత్రం జబ్బొకటైతే మందొకటి వేసినట్టవుతుంది. పైగా ఆ మందు ఖరీదు మామూలుగా లేదు. 2025 ఆగస్టులో ఎడ్జ్ రషర్ మైకా పార్సన్స్ కోసం గ్రీన్ బే రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లనూ (కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ అవకాశాలు) డిఫెన్సివ్ టాకిల్ కెన్నీ క్లార్క్‌నూ డాలస్ చేతిలో పెట్టి, పార్సన్స్‌కి నాలుగేళ్లకు 18.8 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. అంత ఖర్చుకు సిద్ధపడే ముందు లోపం ఎక్కడుందో తెలుసుకోవాలి.

అసలు జబ్బు ఉందా?

సాక్ అంటే పాస్ వదిలేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం. వాటి సంఖ్య ఒక్కటే చూసి తీర్పు చెప్పొద్దు. క్వార్టర్‌బ్యాక్ నూరుసార్లు పాస్‌కి వెనక్కి తగ్గితే సాక్‌లు వచ్చేది ఆరేడు సార్లే. అంత చిన్న సంఖ్య మూడు నాలుగు వారాల్లో ఎటైనా ఊగుతుంది. ఫిలడెల్ఫియా 2022 సీజన్‌లో 70 సాక్‌లు చేసింది. హాసన్ రెడిక్‌కి 16, హార్‌గ్రేవ్, స్వెట్, గ్రాహమ్‌లకు తలా 11. అదే జట్టు గ్లెండేల్‌లో సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) ఆడితే కాన్సస్ సిటీ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ మీద ఒక్క సాక్ కూడా రాలేదు, 38-35తో ఓడిపోయింది. మైదానంలో గడ్డి జారింది, కాన్సస్ సిటీ లైన్ గట్టిగా నిలబడింది, బంతి త్వరగా చేయి దాటింది. ఆ ఒక్క రాత్రి చూసి ఫిలడెల్ఫియాకి పాస్ రష్ లేదని ఎవరైనా అంటే ఏమనాలి?

అందుకే మూడు లెక్కలు పక్కపక్కన పెట్టుకోండి. మొదటిది ప్రెషర్ రేటు: సాక్ అయినా, బంతి వదిలాక తగిలిన దెబ్బ అయినా, తొందరపెట్టడమైనా అన్నీ కలిపి. రెండోది పాస్ రష్ విన్ రేట్: రషర్ తన ఎదుటివాణ్ణి 2.5 సెకన్లలోపు దాటాడా లేదా అన్నది ఈఎస్‌పీఎన్ లెక్కగడుతుంది. మూడోది ఎదుటి క్వార్టర్‌బ్యాక్ బంతి వదలడానికి తీసుకున్న సమయం. లీగ్‌లో ఇది సగటున 2.7, 2.8 సెకన్ల దగ్గర ఉంటుంది. ఒక జాగ్రత్త: ప్రెషర్‌ని ఒక్కో సంస్థ ఒక్కో రకంగా లెక్కిస్తుంది. ఒకరి అంకెను ఇంకొకరి అంకెతో పోల్చారంటే లేని జబ్బు కనబడుతుంది.

ప్రెషర్ రేటు ఎప్పటిలాగే ఉండి సాక్‌లు మాత్రమే తగ్గితే కాస్త ఓపిక పట్టండి. ఎదురైన క్వార్టర్‌బ్యాక్‌లు ఎవరో కూడా చూడండి. ప్రెషర్‌లో బంతి బయటికి విసిరేసి బతికిపోయేవాళ్లు కొందరు, పట్టుకుని కూర్చుని సాక్ తెచ్చుకునేవాళ్లు కొందరు.

లక్షణం: మనవాడు గెలుస్తున్నాడు, బంతి అప్పటికే వెళ్లిపోయింది

విన్ రేట్ బాగుంది, ప్రెషర్ లేదు, బంతి రెండున్నర సెకన్ల లోపే చేయి దాటుతోంది. ఈ మూడూ కలిశాయంటే లోపం ముందు వరసలో లేదు, వెనక ఉంది. రిసీవర్‌లను కాచే కార్నర్‌లు ఏడెనిమిది గజాలు వదిలి నిలబడుతుంటే క్వార్టర్‌బ్యాక్‌కి ఆలోచించే పనే ఉండదు. స్లాంట్ (ఏటవాలుగా లోపలికి వచ్చే రిసీవర్‌కి చిన్న పాస్) వేసేస్తాడు. ప్రపంచంలోని ఏ రషరూ సెకనున్నరలో అక్కడికి చేరలేడు.

రిసీవర్‌ని ఆట మొదలయ్యే గీత దగ్గరే చేతులతో ఆపాలి, స్నాప్‌కి (బంతి వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడం) ముందు చూపించిన కవరేజ్‌ని (రిసీవర్‌లను కాచే పద్ధతిని) స్నాప్ తర్వాత మార్చాలి. క్వార్టర్‌బ్యాక్ మొదట చూసిన చోట మనిషి దొరక్కపోతే అర సెకను ఆగుతాడు. రషర్‌కి కావలసింది ఆ అర సెకనే. 2024లో లీగ్‌లో అందరికంటే ఎక్కువగా 63 సాక్‌లు చేసిన డెన్వర్‌లోనే, ఆ ఏడాది ఉత్తమ డిఫెన్సివ్ ఆటగాడిగా ఎంపికైన కార్నర్ ప్యాట్రిక్ సర్టెయిన్ కూడా ఉన్నాడు. ఆ రెండిటినీ నేను విడదీసి చూడలేను.

ముందు వరసలో చేయగలిగిందీ ఒకటుంది. అందుకోలేనని తెలిసిన క్షణంలో ఆగి చేతులు ఎత్తాలి. 2012లో జె.జె. వాట్ 20.5 సాక్‌లతో పాటు 16 పాస్‌లను చేత్తో కొట్టి పడేశాడు. సాక్‌ల పట్టికలో ఇది కనబడదు కానీ థర్డ్ డౌన్‌లో (పది గజాలు సాధించడానికి ఉన్న నాలుగు ప్రయత్నాల్లో మూడోది) రెండిటి ఫలితమూ ఒకటే: ఎదుటి జట్టు పంట్ చేస్తుంది, అంటే బంతిని దూరంగా తన్ని వదులుకుంటుంది.

లక్షణం: పాస్ రష్ చేసే అవకాశమే రావట్లేదు

డాలస్ అభిమానులకి ఇది బాగా తెలిసిన బాధ. 2024 జనవరిలో ఆర్లింగ్టన్‌లో గ్రీన్ బేతో ప్లేఆఫ్ మ్యాచ్. మొదటి సగం ముగియకముందే గ్రీన్ బే 27-0తో ముందుంది. వాళ్ల రన్నింగ్ బ్యాక్ ఆరన్ జోన్స్ 118 గజాలు పరుగెత్తి మూడు టచ్‌డౌన్‌లు చేశాడు. క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ లవ్ మ్యాచ్ మొత్తం మీద విసిరింది 21 పాస్‌లే, ఒక్క సాక్ కూడా పడలేదు. పార్సన్స్ లాంటివాడు ఉండీ ఏం చేయగలడు? సెకండ్ డౌన్‌లో నాలుగు గజాలే మిగిలితే ఎదుటి జట్టు పరుగైనా తీయొచ్చు, పాస్ అయినా వేయొచ్చు. రషర్ ముందు పరుగుని చూసుకోవాలి కనుక మొదటి అడుగే ఆలస్యమవుతుంది.

ఇక్కడ మందు ఎడ్జ్‌లో లేదు, నడిమధ్యలో ఉంది. ఫస్ట్ డౌన్‌లో పరుగుని రెండు మూడు గజాలకు కట్టేసే డిఫెన్సివ్ టాకిల్ కావాలి. మీ జట్టు లెక్కలు తీసేటప్పుడు థర్డ్ డౌన్‌లో ఏడు గజాలకు మించి మిగిలిన సందర్భాలు మ్యాచ్‌కి ఎన్ని వస్తున్నాయో విడిగా రాసుకోండి. ఆ సంఖ్య తక్కువగా ఉంటే మిగతా లెక్కలన్నీ పక్కన పెట్టి ముందు దీన్నే సరిచేయాలి.

పార్సన్స్‌ని ఇచ్చేసినప్పుడు డాలస్ యజమాని జెర్రీ జోన్స్ చెప్పిన కారణాల్లో పరుగుని ఆపడం ఒకటి. క్లార్క్ వచ్చాడు, నవంబర్‌లో న్యూయార్క్ జెట్స్ నుంచి క్విన్నెన్ విలియమ్స్‌నీ తెచ్చారు. రోగం గుర్తించడంలో తప్పు లేదు. దానికోసం నాలుగు సీజన్లలో 52.5 సాక్‌లు చేసినవాణ్ణి వదులుకోవాలా అన్నదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

లక్షణం: రషర్‌లు క్వార్టర్‌బ్యాక్‌ని దాటి వెనక్కి వెళ్లిపోతున్నారు

ప్రెషర్ ఉంది, సాక్ లేదు, క్వార్టర్‌బ్యాక్ ఒక అడుగు ముందుకేసి హాయిగా పాస్ వేస్తున్నాడు. ఎక్కువమంది తప్పుగా చదివే లక్షణం ఇదే కనుక కాస్త దగ్గరగా చూద్దాం.

థర్డ్ డౌన్, ఎనిమిది గజాలు. స్నాప్ పడగానే ఎదుటి లైన్ చివర్న అడ్డుకునే టాకిల్ ఏటవాలుగా వెనక్కి జారతాడు. రషర్ మూడు అడుగుల్లో అతని బయటి భుజం పక్కకి వస్తాడు. క్వార్టర్‌బ్యాక్ గీతకి తొమ్మిది గజాల వెనక ఉన్నాడు. రషర్ ఏడెనిమిది గజాల దగ్గరే భుజం వంచి లోపలికి తిరగాలి. అక్కడ తిరగలేకపోతే టాకిల్ చేయాల్సిందల్లా అతన్ని అదే దారిలో ఇంకాస్త ముందుకి నెట్టడమే. అయితే మధ్యలో, టాకిల్ పక్కనుండే గార్డ్‌ని ఎవరైనా వెనక్కి తోసి ఉంటే, క్వార్టర్‌బ్యాక్ ముందుకి రాలేడు. తొమ్మిది గజాల దగ్గరే చిక్కుకుంటాడు, అప్పుడు ఆ ఎడ్జ్ రషరే సాక్‌తో లేస్తాడు. కాబట్టి ఎడ్జ్ రషర్ మీద కోప్పడే ముందు వీడియో ఆపి, ఆ క్షణంలో సెంటర్, గార్డ్‌ల కాళ్లు ఎక్కడున్నాయో చూడండి. గీతకి మూడు గజాల లోపే ఉన్నాయంటే లోపం నడిమివాళ్లది.

పరుగెత్తే క్వార్టర్‌బ్యాక్ అయితే ఇది ఇంకా ప్రమాదం. కబడ్డీలో ఒకడు చీలమండ పట్టగానే మిగతావాళ్లు దారులు మూసినట్టు, ఒకడు గెలిచినప్పుడు మిగతా ముగ్గురూ తమ తమ సందుల్లోనే నిలవాలి. లమార్ జాక్సన్ మీద నలుగురూ సాక్ కోసం ఎగబడితే ఇరవై గజాలు సమర్పించుకున్నట్టే. అలాంటి వారం విన్ రేట్ పడిపోయినా ఫర్వాలేదు. పరుగుకి సందు లేకుండా ముందుకి తోసుకుంటూ వెళ్లడమే ఆ రోజు పని.

లక్షణం: ఒక్కడికే ఇద్దరు అడ్డం

మేటి రషర్ వైపు లైన్ మొత్తం జరుగుతుంది, టైట్ ఎండ్ దారిలో ఒక దెబ్బ వేసి వెళ్తాడు, రన్నింగ్ బ్యాక్ ఆగి చూస్తాడు. మిగతా ముగ్గురికీ ఒంటరి పోరు దొరుకుతోంది, అయినా గెలవట్లేదు. అంటే లోపం ఆ ముగ్గురిలో ఉంది. 2021 నవంబర్‌లో లాస్ ఏంజెలెస్ రామ్స్ ఆరన్ డొనాల్డ్ ఉండగానే వాన్ మిల్లర్‌ని తెచ్చింది అందుకే. మరుసటి ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌లో సిన్సినాటి క్వార్టర్‌బ్యాక్ బరోని ఏడుసార్లు పడగొట్టారు. చివరి ఫోర్త్ డౌన్‌లో బరోని పట్టి తిప్పేసి మ్యాచ్ ముగించింది డొనాల్డే.

మనిషిని తేలేకపోతే ఉన్నవాణ్ణి కదపండి. ఒకే చోట నిలబడేవాడికి అడ్డు కట్టడం తేలిక. కుడికి, ఎడమకి, ఒక్కోసారి గార్డ్ ఎదుట నిలబెడితే ఎదుటివాళ్లు స్నాప్‌కి ముందు ప్రతిసారీ లెక్క మార్చుకోవాలి. ఇంకో దారి స్టంట్. ఎండ్ (అంచున నిలబడే రషర్) లోపలికి దూకి గార్డ్‌ని భుజంతో గుద్దుతాడు. డిఫెన్సివ్ టాకిల్ అతని వెనకనుంచి బయటికి చుట్టి వస్తాడు. ఎవరిని ఎవరు పట్టుకోవాలో గార్డ్, అతని పక్కనున్న టాకిల్ తేల్చుకునేలోపు సందు తెరుచుకుంటుంది. ఎండ్ స్వార్థం చూసుకుని సగం మనసుతో దూకాడా, ఆ స్టంట్ చెడినట్టే.

లక్షణం: బ్లిట్జ్ చేస్తేనే ప్రెషర్

మామూలు నలుగురికి బదులు అయిదుగురినో ఆరుగురినో పంపితే (అదే బ్లిట్జ్) తప్ప పని జరగట్లేదంటే వెనక మనుషులు తగ్గుతారు, మంచి క్వార్టర్‌బ్యాక్ దాన్ని వెంటనే పట్టేస్తాడు. 2025 ఫిబ్రవరిలో న్యూ ఆర్లీన్స్‌లో ఫిలడెల్ఫియా మహోమ్స్‌ని ఆరుసార్లు సాక్ చేసింది. వాళ్ల డిఫెన్సివ్ కోఆర్డినేటర్ విక్ ఫాంజియో ఒక్కసారి కూడా బ్లిట్జ్ పంపలేదు. ముందు నలుగురే సరిపోయారు, వెనక ఏడుగురూ కవరేజ్‌లో ఉన్నారు, 40-22.

అలాంటి నలుగురు లేని జట్టు ఏం చేయాలి? అయిదారుగురిని గీత మీదికి తెచ్చి నిలబెట్టి, స్నాప్ పడ్డాక నలుగురినే పంపడం, అందులో ఒకడు ఊహించని లైన్‌బ్యాకర్ (ముందు వరస వెనక నిలబడేవాడు) కావడం. లైన్ ఒకవైపు జరుగుతుంది, మనిషి ఇంకోవైపు నుంచి వస్తాడు. వెనక ఏడుగురు అలాగే ఉంటారు. ఒక సీజన్ గడపడానికి ఇది చాలు.

లక్షణం: నాలుగో క్వార్టర్‌లో ఊపు తగ్గింది

స్నాప్‌ల లెక్క తీయండి. ఎండ్ నూటికి ఎనభై స్నాప్‌లకు మించి ఆడుతుంటే సమాధానం దొరికినట్టే. మూడో, నాలుగో రషర్‌కి మొదటి సగంలోనే ఎక్కువ స్నాప్‌లు ఇవ్వాలి.

ఇవన్నీ చూశాక కూడా విన్ రేట్ అడుగునే ఉంటే

అప్పుడు లోపం నిజంగా రషర్‌లదే. అక్కడా ముందు నైపుణ్యం చూడాలి. స్నాప్‌కి కదలడంలో ఆలస్యమా, చేతులు ఛాతీ మీదికి ముందు ఎవరివి చేరుతున్నాయి, మొదటి ఎత్తు ఆగిపోతే రెండో ఎత్తు ఉందా? టాకిల్ భుజాలు పక్క గీతవైపు తిరిగిన క్షణంలో లోపలి దారి తెరిచి ఉంటుంది. అది చూసి కూడా బయటికే పరుగెత్తేవాడికి కోచ్ కావాలి. ఆరేడు వారాల్లో మార్పు కనబడుతుంది.

మనిషే లేకపోతే కోచింగ్ ఏమీ చేయలేదు. 2018 సీజన్ మొదలయ్యే ముందు ఓక్లాండ్ ఖలీల్ మ్యాక్‌ని షికాగోకి ఇచ్చేసింది. ఆ ఏడాది ఓక్లాండ్ జట్టంతా కలిసి చేసినవి 13 సాక్‌లు, లీగ్‌లో అందరికంటే తక్కువ. మ్యాక్ ఒక్కడే 12.5 చేశాడు. అలాంటి స్థితిలో ఉన్న జట్టుకి డ్రాఫ్ట్ పిక్ ఎంత పెద్దదైనా ఖర్చు పెట్టమనే చెబుతాను. 2021లో 18 సాక్‌లతో లీగ్ అడుగున నిలిచిన అట్లాంటా ఆ పని నాలుగేళ్లు వాయిదా వేసి, 2025 డ్రాఫ్ట్‌లో 15వ పిక్‌తో జేలన్ వాకర్‌నీ, మరుసటి ఏడాది ఫస్ట్ రౌండ్ పిక్‌ని రామ్స్‌కి ఇచ్చి 26వ పిక్‌తో జేమ్స్ పియర్స్‌నీ ఒకేసారి తెచ్చుకుంది.