ఇండియా ట్రిప్‌కి ముందు రీఫ్ ట్యాంక్ జాగ్రత్తలు: కాల్షియం, ఆల్కలినిటీ

స్కూళ్లకి సెలవులిచ్చారంటే డాలస్‌లో మన వాళ్ల ఇళ్లలో సూట్‌కేసుల తూకాలు మొదలవుతాయి. ఇరవై మూడు కిలోలు దాటకుండా సర్దడం అందరికీ ఉండే టెన్షనే. ఇంట్లో రీఫ్ ట్యాంక్, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం, ఉంటే దాని మీద ఇంకో టెన్షన్. చేపలు రెండు రోజులు మేత లేకపోయినా తట్టుకుంటాయి. పగడాలకి మాత్రం నీళ్లు రోజూ ఒకేలా ఉండాలి. మనం నాలుగు వారాలు ఇంట్లో లేనప్పుడు కుదరనిది సరిగ్గా అదే.

సముద్రపు నీళ్లలో కాల్షియం సుమారు 410 నుంచి 420 పీపీఎం (పది లక్షల్లో భాగాలు), ఆల్కలినిటీ, అంటే నీళ్లలో కరిగిన కార్బొనేట్ల మోతాదు, 7 డీకేహెచ్ (దాన్ని కొలిచే యూనిట్) దగ్గర, మెగ్నీషియం 1300 పీపీఎం దగ్గర ఉంటాయి. ఇంటి ట్యాంక్‌లో కాల్షియం 400 నుంచి 450, ఆల్కలినిటీ 7.5 నుంచి 9 మధ్య ఎక్కడున్నా నాకు అభ్యంతరం లేదు. అయితే ఆ అంకె ఈ రోజు ఎంతుందో వచ్చే శనివారం కూడా అంతే ఉండాలి. ప్రయాణానికి ముందు 8.2ని 9 చేద్దామని కూర్చోకండి.

పగడం తన అస్థిపంజరం కట్టుకునేటప్పుడు 1 డీకేహెచ్ ఆల్కలినిటీ వాడుకుంటే, దాంతోపాటు పోయే కాల్షియం 7 పీపీఎం మాత్రమే. 420లో 7 తగ్గితే టెస్ట్ కిట్‌లో తేడా కూడా తెలియదు. 8లో 1 తగ్గితే ఎనిమిదో వంతు పోయినట్టే. కాల్షియం బ్యాంకులో ఉన్న డబ్బు, ఆల్కలినిటీ జేబులో చిల్లర అనుకోండి, ముందు అయిపోయేది చిల్లరే. అందుకే మీరు లేనప్పుడు ఎవరైనా ఒక్క టెస్టే చేయగలిగితే ఆల్కలినిటీ చేయమనండి. కాల్షియం, మెగ్నీషియం బయల్దేరే ముందు ఒకసారి చూసుకుంటే నెల రోజులకి చాలు. మెగ్నీషియం మరీ తక్కువగా ఉంటే మాత్రం ముందే సరిచేసుకోండి. అది తగ్గితే కాల్షియం, కార్బొనేట్ పగడాలకి అందకుండా హీటర్ మీదా పంపుల మీదా పొరలా పేరుకుపోతాయి.

పని మొదలుపెట్టాల్సింది నెల ముందు. డోసింగ్, అంటే తగ్గిన కాల్షియం, ఆల్కలినిటీ బదులు రోజూ మందు కలపడం, ఆపి మూడు రోజులు, రోజూ అదే టైముకి ఆల్కలినిటీ చూడండి. మా 75 గ్యాలన్ల ట్యాంక్‌లో రాళ్లూ ఇసుకా పోగా నీళ్లు 250 లీటర్లు. రోజుకి 0.7 డీకేహెచ్ తగ్గుతోంది. వంద లీటర్లలో 1 డీకేహెచ్ పెంచడానికి 3 గ్రాముల బేకింగ్ సోడా కావాలి. ఆ లెక్కన మాకు రోజుకి 5 గ్రాములకి కాస్త ఎక్కువ. దానికి జతగా కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ నాలుగున్నర గ్రాములు. ఈ రెండూ ఒకే చోట, ఒకే సమయంలో పోయకూడదు. కలిసిన చోటే తెల్లగా విరిగిపోతాయి, పోసిందంతా వృథా.

చివరి రెండు వారాల్లో ట్యాంక్‌లోకి కొత్తది ఏదీ రాకూడదు. పగడమైనా, సాల్ట్ అయినా, లైటు అయినా. ఫ్లైట్‌కి మూడు రోజుల ముందు కొత్త డోసింగ్ పంపు బిగించి, సూపర్‌గా పనిచేస్తోందని చెప్పినవాళ్లని చూశాను. దేన్నైనా కనీసం పదిహేను రోజులు మన కళ్ల ముందు నడవనివ్వాలి.

పంపు నమ్మకమైనదే అయినా దాని కింద పెట్టే డబ్బాలో నెలకి సరిపడా మందు నింపొద్దు. ఈ ఒక్క మాట వినండి చాలు. మా లెక్కే తీసుకుంటే ఇరవై ఐదు రోజుల సోడా సుమారు 130 గ్రాములు. పంపు ఆగకుండా తిరిగి అదంతా ఒక్క రాత్రిలో ట్యాంక్‌లోకి పోతే ఆల్కలినిటీ 17 డీకేహెచ్ పెరుగుతుంది, ఆ ట్యాంక్ మీద ఆశ వదులుకోవడమే. వారానికి సరిపడా పోస్తే పెరిగేది 5. దెబ్బ తగులుతుంది, కానీ చాలా వరకు బతికి బట్టకడతాయి. అందుకే నేను వారానికొక జత చొప్పున సీసాలు కలిపి పెడతాను. సోడాకి నీలం మూత, కాల్షియానికి ఎర్ర మూత, డబ్బాలకీ అవే రంగుల టేపు. శనివారం వచ్చే స్నేహితుడు రంగు చూసి పోస్తే చాలు. డోసింగ్ ట్యూబు కొస నీళ్లలో మునగకుండా పైన ఉందో లేదో కూడా చూసుకోండి, లేకపోతే సైఫన్ అయి దానంతటదే కారుతుంది.

సున్నపు తేట విషయంలో నాకు ఒకసారి గట్టి దెబ్బే తగిలింది. ఆవిరైన నీళ్ల బదులు సున్నపు తేట పోస్తే కాల్షియం, ఆల్కలినిటీ రెండూ ఒకేసారి అందుతాయి, ఖర్చూ తక్కువ. కానీ దాని పీహెచ్ 12 దాటి ఉంటుంది. రెండేళ్ల కింద మేం విజయవాడలో ఉండగా, మా సంప్‌లో (ట్యాంక్ కింద ఉండే నీళ్ల తొట్టి) నీటి మట్టం చూసే ఫ్లోట్ స్విచ్ మీద ఒక నత్త ఎక్కి కూర్చుంది. నీళ్లు తగ్గాయనుకుని ఆటో టాప్‌ఆఫ్, అంటే ఆవిరైన నీళ్లు దానంతటదే నింపే పంపు, సున్నపు తేట పోస్తూనే ఉంది. పొద్దున తొమ్మిదిన్నరకి, అంటే డాలస్‌లో రాత్రి పదకొండుకి, ట్యాంక్ చూసుకుంటున్న స్నేహితుడి వీడియో కాల్. "అన్నా, ట్యాంక్ నిండా పాలు పోసినట్టుంది, ఏం చేయమంటావ్?" పంపు ప్లగ్ పీకేయమన్నాను, ఇంకేం ముట్టుకోవద్దన్నాను. రెండు రోజులకి నీళ్లు తేరుకున్నాయి, ఆక్రోపొరా పగడాలు రెండు పోయాయి. అప్పటి నుంచి ఊరెళ్తే టాప్‌ఆఫ్‌లో ఉత్త ఆర్‌ఓ డీఐ (వడకట్టి లవణాలు తీసేసిన) నీళ్లే, స్విచ్ చుట్టూ నత్తలు ఎక్కకుండా జాలీ.

ఏసీ సంగతి కూడా చెప్పాలి. ఖాళీ ఇంటికి కరెంటు బిల్లు ఎందుకని థర్మోస్టాట్ 85 ఫారన్‌హీట్‌కి పెట్టి వెళ్తాం కదా. ట్యాంక్ ఉన్న ఇంట్లో అది కుదరదు, 78 దగ్గరే ఉంచండి. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది, ఆవిరి పెరుగుతుంది, పగడాలు తెల్లబడతాయి.

చూసుకునే స్నేహితుడికి కాగితం మీద మూడే ముక్కలు రాసివ్వండి. మేత రోజువారీ మాత్రల డబ్బాలో పెట్టాను, అంతకు మించి వేయొద్దు. కుళాయి నీళ్లు పోయొద్దు. శనివారం సాయంత్రం ఆల్కలినిటీ మీటర్ ఫొటో పంపు, 7 కన్నా తగ్గినా 10 దాటినా ఫోన్ చెయ్యి, నువ్వుగా ఏమీ కలపకు.

తిరిగొచ్చాక ఆల్కలినిటీ 6.5 కనిపించినా ఒక్క రోజులో 8కి లాగొద్దు, రోజుకి 1 డీకేహెచ్ మించకుండా పెంచండి. జెట్‌ల్యాగ్‌తో తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి, చేతులు ఊరుకోక టెస్ట్ కిట్ తీయబుద్ధవుతుంది. ఆ నిద్రమత్తులో నీలం మూతా ఎర్ర మూతా ఒకేలా కనిపిస్తాయి. సాయంత్రం, ఎప్పుడూ చూసే టైముకే చూడండి.